వెల – విలువ

ప్రతి సంవత్సరం జూన్ మాసంలో కళాశాలలు తెరిచే రోజులలో విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నలలో పాఠ్యపుస్తకాలకు సంబంధించినవి తక్కువ. "సార్, ఏ ఫోన్ కొనమంటరు?" అన్నదే ఎక్కువమంది అడిగే ప్రశ్న. కొందరు పన్నెండు వేల రూపాయల ఫోన్ పేరు చెప్పి, అది పనికివస్తుందా అని సందేహిస్తారు. మరికొందరు అరవై వేల రూపాయల ఫోన్ పేరు చెప్పి, దానిని కొనడం తప్పు కాదని నా నోట పలికించాలని చూస్తారు. గత సంవత్సరం కోరుట్లకు చెందిన ఒక విద్యార్థి తన తల్లిని వెంటబెట్టుకొని మా యింటికే వచ్చాడు. తండ్రి దుబాయిలో భవన నిర్మాణంలో కూలి. తల్లి ఇంటి వద్ద బీడీలు చుడుతుంది. ఆనాడు వారితో నేను చెప్పినదీ, చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయంలో మన ఊళ్లలో రెండు అభిప్రాయాలు బలంగా పాతుకొని ఉన్నాయి. జగిత్యాల టవర్ సర్కిల్ వద్ద ఏ దుకాణం ముందు నిలబడినా ఈ రెండూ వినిపిస్తాయి. "పిండి కొద్దీ రొట్టె, చవక వస్తువు చవకగానే ఉంటుంది" అని ఒకరు అంటారు. "అన్నీ ఒకే చోట తయారవుతాయి, పేరుకే ఎక్కువ డబ్బు" అని మరొకరు అంటారు. రెండింటిలోనూ సగం సత్యమే ఉంది. చిక్కేమిటంటే, మనం ఖరీదైన వస్తువును కొనదలచినప్పుడు మొదటి మాటను, చేతిలో డబ్బు లేనప్పుడు రెండవ మాటను వాడుకొంటాము. అభిప్రాయం ముందు ఏర్పడి, దానికి తగిన సామెతను తరువాత వెతుక్కొంటాము.

మన ప్రాంతానికి ఖరీదైన వస్తువులతో పరిచయం కొత్తది కాదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణపు పనులు విస్తరించాయి. నాటి కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుండి వేలాది మంది అక్కడికి వలసపోయారు. వారు సెలవులపై వచ్చినప్పుడు రగ్గులు, సెంటు సీసాలు, టార్చిలైట్లతోపాటు "టూ ఇన్ వన్" అని పిలిచే రేడియో–టేప్ రికార్డరు తెచ్చేవారు. మా వాడకట్టులో అటువంటిది మొదట వచ్చిన రోజున పిల్లలమంతా ఆ ఇంటి అరుగు మీదనే ఉన్నాము. ఆ పెట్టె దాదాపు ఇరువది సంవత్సరాలు పాడింది. అది జపాను వస్తువు గనుక అన్నాళ్లు పనిచేసిందని పెద్దలు చెప్పుకొనేవారు. అది కొంతవరకే నిజం. మధ్యలో దాని బెల్టు తెగింది, హెడ్డు అరిగింది, ఒక మీట ఊడిపోయింది. బస్టాండు వద్ద ఉండే రేడియో మెకానిక్ ప్రతిసారీ దానిని విప్పి, దొరికిన భాగంతో సరిచేసి ఇచ్చేవాడు. తయారుచేసినవాడి నైపుణ్యం ఎంత ఉన్నదో, ఆ మెకానిక్ నైపుణ్యం కూడా అంతే ఉన్నది. ఆ రెండవది వస్తువుపై అతికించిన ధరలో కనిపించలేదు.

వస్తువు విలువను నిర్ణయించేటప్పుడు మొదట చూడవలసింది ఆ ధర చెల్లించే మనిషి శ్రమ. రూపాయలలో చెప్పిన ధర అందరికీ ఒకటే. శ్రమలో లెక్కించిన ధర ఇంటికొక తీరుగా ఉంటుంది. వెయ్యి బీడీలు చుడితే రెండు వందల యాభై రూపాయలు వస్తాయని అనుకొందాము. అరవై వేల రూపాయల ఫోన్ అంటే రెండు లక్షల నలభై వేల బీడీలు. రోజుకు ఎనిమిది వందల బీడీలు చుట్టగలిగిన తల్లికి అది మూడు వందల రోజుల పని. పన్నెండు వేల రూపాయల ఫోన్ అంటే అరవై రోజుల పని. ఈ లెక్కను నేను ఆ విద్యార్థి ఎదుట కాగితంపై వేసినప్పుడు వాడు తల వంచుకొన్నాడు. వాడిని సిగ్గుపరచడం నా ఉద్దేశం కాదు. అరవై రోజుల పని కూడా చిన్నదేమీ కాదు. ఆ అరవై రోజుల వస్తువు ఏడాదికే మూలపడితే, చవక వస్తువును కొన్నామన్న తృప్తికి ఆధారమేమిటి?

చవక వస్తువు విలువైనది కాగలదని నిరూపించిన ఉదాహరణ మీ తల్లిదండ్రులకు బాగా తెలుసు. 2003లో నోకియా సంస్థ 1100 అనే ఫోన్‌ను విడుదల చేసింది. దానిలో కెమెరా లేదు, రంగుల తెర లేదు. అయితే దుమ్ము లోపలికి చేరకుండా మీటలపై ఒకే రబ్బరు పొర అమర్చారు. చెమట చేతిలో జారకుండా పక్కలను గరుకుగా చేశారు. పైభాగాన చిన్న టార్చి పెట్టారు. రాత్రి వేళ బావి వద్దకు మోటారు వేయడానికి పోయే రైతుకు ఆ టార్చి ఎంత అక్కరకు వచ్చిందో మన పల్లెలలో చెప్పనవసరం లేదు. ప్రపంచవ్యాప్తంగా ఆ ఫోన్లు 25 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. చవకగా తయారుచేయడం అంటే నాసిరకంగా తయారుచేయడం కాదు. ఏది అవసరమో ఏది అనవసరమో తెలిసినవాడు అనవసరమైనదాన్ని తొలగించి, అవసరమైనదాన్ని గట్టిగా చేశాడు. తక్కువ ధరకు వచ్చే ప్రతి వస్తువునూ ఈ గీటురాయిపై పరీక్షించవచ్చు. ధర తగ్గించడానికి దీనిలో ఏమి తీసివేశారు? తీసివేసినది నాకు అక్కర లేనిదా, లేక దాని ప్రాణమేనా?

ప్రాణమే తీసివేసిన సందర్భాలు ఉన్నాయి. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం "ఆకాశ్" అనే టాబ్లెట్‌ను ఆర్భాటంగా విడుదల చేసింది. వాటిలో కొన్నింటిని హైదరాబాదులోనే కూర్చారు. ప్రభుత్వానికి ఒక్కొక్కటి సుమారు రెండు వేల మూడు వందల రూపాయలకు లభించింది. పేద విద్యార్థి చేతిలో గ్రంథాలయాన్ని పెట్టాలన్న ఆశయం ఉన్నతమైనది. అయితే దాని తెర వేలితో గట్టిగా నొక్కితే గాని పలికేది కాదు. యంత్రం మందకొడి. బ్యాటరీ త్వరగా అయిపోయేది. చదువుకొనే పరికరానికి తెరే ప్రాణం. దానిలోనే పొదుపు చేస్తే మిగిలినదంతా వృథా. ఇక 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన ఒక సంస్థ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ ఇస్తామని పత్రికలలో ప్రకటించినప్పుడు, లక్షల మంది దాని కోసం ఎగబడ్డారు. ఆ డబ్బుకు ఫోన్‌లోని బ్యాటరీ, తెర కూడా రావని ఎవరైనా లెక్క వేయవచ్చు. ఎగబడినవారిలో చదువుకొన్నవారే ఎక్కువ. దానిని గురించి ఇంతకంటె చెప్పవలసింది లేదు.

అయితే ఎక్కువ ధర ప్రమాదం నుండి రక్షిస్తుందా? 2016 ఆగస్టులో శాంసంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అనే ఫోన్‌ను విడుదల చేసింది. ఆనాటి అత్యంత ఖరీదైన ఫోన్లలో అది ఒకటి. బ్యాటరీ లోపం వల్ల కొన్ని ఫోన్లు నిప్పంటుకొన్నాయి. లక్షల ఫోన్లను వెనక్కు తీసుకొని, అక్టోబరు నాటికి ఆ సంస్థ దాని తయారీనే నిలిపివేసింది. దీనికి జతగా 2007 ఆగస్టు నాటి సంగతిని తలచుకోవాలి. నోకియా ఫోన్లలో వాడే బి.ఎల్.–5సి అనే బ్యాటరీలలో కొన్ని విపరీతంగా వేడెక్కుతున్నాయని తేలింది. ఒక సరఫరాదారు తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలను గురించి హెచ్చరిక జారీ చేసి, కోరినవారికి ఉచితంగా మార్చి ఇస్తామని సంస్థ ప్రకటించింది. ఆ రోజులలో ఫోన్ వెనుక మూత తీసి బ్యాటరీపై సంఖ్యను చూసుకోనివారు లేరు. ఈ రెండు సంఘటనల వల్ల తెలిసేదేమిటంటే, లోపం చవక వస్తువులోనూ రావచ్చు, ఖరీదైన వస్తువులోనూ రావచ్చు. వచ్చినప్పుడు బాధ్యత వహించడానికి ఎవరైనా ఉన్నారా అన్నదే తేడా. ఊరూ పేరూ లేని చార్జరు వేడెక్కితే ఎవరిని అడగాలి? నేను ఒకసారి సంతలో నూరు రూపాయలకు కొన్న చార్జరు ఒక రాత్రి కమిలి, గోడపై నల్లని మచ్చ మిగిల్చింది. మరునాడు సంతలో ఆ అమ్మకందారు లేడు. సున్నం వేసినా ఆ మచ్చ పూర్తిగా పోలేదు.

ఫోన్ల మాట కొంతసేపు పక్కన ఉంచి సీలింగ్ ఫ్యాన్ సంగతి చూద్దాము. మన ఇళ్లలో అత్యధిక కాలం పనిచేసే యంత్రం అదే. దాని లెక్క చాలా విషయాలు నేర్పుతుంది. సాధారణమైన పాత రకం ఫ్యాన్ సుమారు 75 వాట్ల విద్యుత్తును తీసుకొంటుంది. ఇటీవల వచ్చిన బి.ఎల్.డి.సి. రకం ఫ్యాన్ సుమారు 30 వాట్లు మాత్రమే తీసుకొంటుంది. మొదటిది పదిహేను వందల రూపాయలు, రెండవది మూడు వేలు అనుకొందాము. రోజుకు పదిహేను గంటలు తిరిగితే మొదటి దానికి ఒకటింబావు యూనిట్‌కు కొంచెం తక్కువ, రెండవ దానికి అర యూనిట్ కంటె తక్కువ ఖర్చవుతుంది. సంవత్సరంలో మూడు వందల రోజులు వాడితే సుమారు రెండు వందల యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు ఐదు రూపాయల చొప్పున వెయ్యి రూపాయలు. అనగా ఒకటిన్నర సంవత్సరంలో అదనపు ధర తిరిగి వస్తుంది. ఆ తరువాత తిరిగే ప్రతి రోజూ లాభమే. కాబట్టి ఖరీదైన ఫ్యానే చవకైనది!

ఇంతవరకు లెక్క సులభం. కాని జగిత్యాలలో విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లు, సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, అనగా "సెస్" బిల్లు చేతిలో పెట్టుకొని చూస్తే లెక్క మారుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. నెలకు నూట ఇరువది యూనిట్లు వాడే ఇంటికి బిల్లే లేనప్పుడు, విద్యుత్తును ఆదా చేసే ఫ్యాన్‌పై పెట్టిన అదనపు డబ్బు తిరిగి వచ్చే మార్గం లేదు. మరొక ఇంట్లో మూడు ఫ్యాన్లు ఉన్నాయి, వేసవిలో వాడకం 230 యూనిట్లకు చేరుతుంది. పరిమితి దాటితే ఆ నెల బిల్లు మొత్తం చెల్లించాలి. ఆ ఇంటివారు మూడు ఫ్యాన్లను మారిస్తే నెలకు అరవై యూనిట్లు తగ్గి, 170 యూనిట్లకు దిగి, బిల్లు సున్నా అవుతుంది. ఒకే దుకాణంలోని ఒకే ఫ్యాన్ ఒక ఇంటికి వృథా, పక్క ఇంటికి వరం. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

మరొక మెలిక కూడా ఉంది. పాత రకం ఫ్యాన్ నెమ్మదించితే వీధి చివరి ఎలక్ట్రీషియన్ కొద్దిపాటి డబ్బుకు కండెన్సర్ మార్చి వెళ్తాడు. కాలిపోతే వైండింగ్ షాపు ఉంది. కొత్త రకం ఫ్యాన్‌లో చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది పోతే కంపెనీ మనిషి రావలసిందే. కనుక దానిని కొనేవారు నక్షత్రాల గుర్తుతోపాటు వారంటీ కాగితాన్ని కూడా చదవాలి. ఆ నక్షత్రాల పద్ధతిని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2006లో ప్రారంభించింది. 2023 జనవరి నుండి సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి అయింది. నక్షత్రాలు విద్యుత్తు ఎంత మిగులుతుందో చెబుతాయి గాని, ఫ్యాన్ ఎన్నేళ్లు తిరుగుతుందో చెప్పవు. ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు చాలామంది.

మరమ్మతు సంగతి సిరిసిల్లవారికి ఎవరూ చెప్పనవసరం లేదు. అక్కడి కార్ఖానాలలో తిరిగే సాంచాలలో చాలావరకు భివండి వంటి చోట్ల ఒకరు వాడి విడిచినవి. వాటిని కొని తెచ్చి ఏళ్ల తరబడి నడుపుతున్నారు. కొత్త యంత్రాలు కొనడానికి తాహతు లేని ఆసాములకు ఆ పాత సాంచాలే జీవనాధారం. అవి ఇన్ని సంవత్సరాలు నడవడానికి కారణం ఇనుము గట్టిదనం ఒక్కటే కాదు. ఏ భాగం విరిగినా ఊళ్లోనే లేతుపై చేయించుకోవచ్చు, ఏ లోపం వచ్చినా జాబర్ వచ్చి సరిచేస్తాడు. బి.వై. నగర్‌లో ఒక ఆసామి ఫోన్ కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతిలో ఆలోచిస్తే ఎంత బాగుండును! అయితే ఇక్కడ నా వాదాన్ని నేనే ఆపి ఒక మాట చెప్పాలి. పాత సాంచాపై గుడ్డ నెమ్మదిగా వస్తుంది, రకాలు మార్చడం కష్టం, నాణ్యమైన వస్త్రానికి వచ్చే ధర దానికి రాదు. మీటరు లెక్కన కూలి పొందే కార్మికుడు ఆ తేడాను తన రెక్కలతో పూడ్చుకోవాలి. చవక యంత్రానికి తక్కువ పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. దానిని మరొకరు మరొక రూపంలో చెల్లిస్తారు. మరమ్మతుకు లొంగడం గొప్ప గుణమే. అయినా అదొక్కటే గుణమని నేను అనలేను.

స్మార్ట్‌ఫోన్ విషయంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దాని ఆయువు రెండు చోట్ల ముగుస్తుంది. ఒకటి బ్యాటరీ. సుమారు ఐదు వందల నుండి వెయ్యి పర్యాయాలు పూర్తిగా చార్జి చేసిన తరువాత దాని శక్తి తగ్గుతుంది. అది మార్చుకోదగినదే. రెండవది కంటికి కనిపించనిది. ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు ఎప్పటికప్పుడు భద్రతా సవరణలు పంపాలి. అవి ఆగిపోయిన ఫోన్ పైకి బాగానే కనిపిస్తుంది గాని, దొంగలకు తలుపులు తెరిచిన ఇల్లు వంటిది. కొంతకాలానికి బ్యాంకు యాప్‌లు దానిలో పనిచేయడం మానుతాయి. చాలా చవక ఫోన్లకు ఈ సవరణలు రెండు మూడు సంవత్సరాలకే ఆగిపోతాయి. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్ 24కు ఏడు సంవత్సరాల సవరణలు ఇస్తామని ఆయా సంస్థలు ప్రకటించాయి. ఎక్కువ ధరకు నిజమైన ప్రతిఫలం ఎక్కడైనా ఉన్నదంటే అది ఇక్కడే ఉంది. కెమెరా కళ్ల సంఖ్యలో లేదు, వెనుక భాగపు మెరుపులో లేదు. అయితే ఆ ప్రతిఫలం ఫోన్‌ను ఏడు సంవత్సరాలు వాడేవారికే దక్కుతుంది. రెండేళ్లకొకసారి కొత్త ఫోన్ మోజు పడేవారు ఏడేళ్ల వాగ్దానానికి డబ్బు చెల్లించి, ఐదేళ్లు గాలికి వదిలినట్లే.

తయారీదారులు మన మేలు కోరి వస్తువుల ఆయువును పెంచుతారని కూడా అనుకోరాదు. 1924లో ప్రపంచంలోని పెద్ద విద్యుద్దీపాల కంపెనీలు జెనీవాలో కూడి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకుండా తమలో తాము కట్టడి చేసుకొన్నాయి. అంతకంటె ఎక్కువ కాలం వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించినట్లు అంగీకరించింది. ఫోన్ అకస్మాత్తుగా ఆగిపోకుండా అలా చేశామని చెప్పింది. ఆ సంగతి కొనుగోలుదారులకు ముందుగా తెలియజేయనందుకు 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి కొత్త ఫోన్ కొన్నవారు ఎందరో! ఆ దేశంలోనే 2021 నుండి కొన్ని రకాల ఎలక్ట్రానిక్ వస్తువులపై, అవి ఎంత సులభంగా మరమ్మతుకు లొంగుతాయో పదింటికి ఇన్ని మార్కులని ముద్రించడం తప్పనిసరి చేశారు. మనకు మార్కులు కొత్త కాదు గనుక ఆ పద్ధతి మనకు త్వరగా అర్థమవుతుంది.

గల్ఫ్ నుండి తెచ్చే వస్తువుల ఆకర్షణ మన ప్రాంతంలో ఇంకా తగ్గలేదు. ఒకప్పుడు దానిలో అర్థముండేది. ఇక్కడ దొరకనివి అక్కడ దొరికేవి. 2013 ఆగస్టు 26 వరకు విమానంలో టీవీ పెట్టె తెచ్చుకోవడం మన ఊళ్లలో పరిపాటి. ఆనాటి నుండి సాధారణ సామానుకు ఇచ్చే సుంకపు మినహాయింపు టీవీలకు తొలగిపోయి, సుమారు 36 శాతం సుంకం పడసాగింది. ఆ అలవాటు క్రమంగా తగ్గింది. ఫోన్లు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. అక్కడ నాలుగైదు వేలు తక్కువకు లభించవచ్చు. కాని పలు కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. తండ్రి ఏడాది చెమటతో కొని పంపిన ఫోన్ మూడవ నెలలో ఆగిపోతే, మరమ్మతు కోసం మళ్లీ దుబాయి పోయే స్నేహితుని కోసం ఎదురుచూసిన ఇళ్లు నేను చూశాను. ఆ ఎదురుచూపు ధరను బిల్లులో ఎవరూ కలపరు.

వాయిదాల సంగతి క్లుప్తంగా చెబుతాను. "వడ్డీ లేని వాయిదాలు" అన్న బోర్డు ప్రతి దుకాణంలో ఉంటుంది. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని, వడ్డీని మరొక పేరుతో కలుపుతారని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. నగదుకు ఇచ్చే తగ్గింపు వాయిదాలకు ఇవ్వకపోవడం ఒక పద్ధతి. ప్రాసెసింగు రుసుము మరొక పద్ధతి. నగదు ధర ఎంత, వాయిదాలన్నీ కలిపితే ఎంత అని రెండే ప్రశ్నలు అడగండి. దుకాణదారుడు రెండవ దానికి జవాబు చెప్పడానికి ఎంత సమయం తీసుకొంటాడో గమనించండి.

బిల్లు తీసుకోవడం మాత్రం మరువరాదు. "బిల్లు లేకుంటే మూడు వందలు తగ్గిస్త" అన్న మాటకు లొంగినవారు తమ హక్కును మూడు వందలకు అమ్ముకొన్నట్లే. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఐదు లక్షల రూపాయల లోపు విలువ గల వస్తువును గురించి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు. 1915 సంఖ్యకు ఫోన్ చేసి సలహా కూడా పొందవచ్చు. వాడిన ఫోన్ కొనేవారు *#06# నొక్కి, తెరపై వచ్చే పదిహేను అంకెల సంఖ్య పెట్టెపై ఉన్న సంఖ్యతో సరిపోతుందో లేదో చూసుకోవాలి. సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ సంఖ్యను పరిశీలిస్తే అది దొంగ ఫోన్‌గా నిలిపివేసినదా అన్న సంగతి తెలుస్తుంది. వాడిన ఫోన్ కొనడంలో నామోషీ ఏమీ లేదు. సిరిసిల్ల సాంచాలు ఆ సంగతిని రోజూ చప్పుడు చేసి చెబుతూనే ఉన్నాయి.

కోరుట్ల విద్యార్థి మా యింటికి వచ్చిన రోజున, నేను ఈ లెక్కలలో కొన్నింటిని చెప్పిన తరువాత, వాడు ఒక అభ్యంతరం చెప్పాడు. దానికి నా వద్ద సరైన సమాధానం లేకపోయింది. "సార్, కాలేజీల అందరి చేతుల మంచి ఫోన్లుంటయి. నాది తీసి బయట పెట్టబుద్ధి కాదు" అన్నాడు. వాడు అన్నది చిన్న విషయం కాదు. పదిహేడేళ్ల వయసులో తోటివారి చూపు బరువైనది. ఆ బరువు నా కాగితంపై లెక్కలో ఏ గడిలోనూ లేదు. ఆత్మగౌరవం వస్తువులలో ఉండదని ఉపన్యసించడం నాకు సులభమే. కాని మా వాడకట్టులో టూ ఇన్ వన్ వచ్చిన రోజున, అది మా ఇంట్లో లేదని నేను ఏడ్చిన సంగతి గుర్తుకు వచ్చి ఊరుకొన్నాను.

అంతవరకు మాట్లాడని తల్లి అప్పుడు ఒక్క మాట అడిగింది. "గది చెడిపోతె కోరుట్లల బాగు చేస్తరా, సారూ?"

నాకు తెలియదు. ఆ విద్యార్థికీ తెలియదు. వారం రోజులలో వాడు మూడు కంపెనీల సేవా కేంద్రాలను గురించి విచారించి, నోటుపుస్తకంలో గళ్లు గీసి తెచ్చాడు. ధర ఒక గడి, సవరణలు ఎన్నేళ్లు వస్తాయన్నది రెండవ గడి, మరమ్మతు ఎక్కడ అన్నది మూడవ గడి. అరవై వేల ఫోన్‌కు మూడవ గడిలో "హైదరాబాదు" అని ఉంది. మరొక దానికి "కరీంనగర్". కింద నాల్గవ వరుస ఒకటి ఉన్నది. దానిలో తన చేతిలోని పాత ఫోన్ పేరు రాసి, దాని ఎదుట "బ్యాటరీ – తొమ్మిది వందలు – కోరుట్ల బస్టాండు" అని రాశాడు. ఏది కొంటావని నేను అడగలేదు. శుక్రవారం నాడు బాపుకు సెలవు గనుక, ఆ రోజు ఫోన్ చేసి నాలుగు వరుసలూ చదివి వినిపిస్తానని వాడే చెప్పాడు.